మట్టి ట్రాక్‌పై రాత్రి రేసులు: దుమ్మును ఫొటో తీస్తున్న ఒక సీజన్ డైరీ

ఏప్రిల్, సీజన్ మొదలయ్యే ముందు

ఒహాయోలో ఎండలు మొదలయ్యాయంటే శనివారం రాత్రులు మట్టి ట్రాక్‌ల మీద కారు రేసులు ఉంటాయి. బంకమట్టి పరచి దట్టించిన, పావు మైలు నుంచి అర మైలు దాకా చుట్టుకొలత ఉండే అండాకారపు ట్రాక్ మీద, స్తంభాలకు బిగించిన ఫ్లడ్‌లైట్ల వెలుగులో, ఇరవై దాకా కార్లు మలుపుల్లో వెనుక భాగం పక్కకు జారుతుండగానే వేగం తగ్గించకుండా దూసుకుపోతాయి. వాటిని ఫొటో తీసేవారు ప్రతి ట్రాక్‌లోనూ ఉంటారు. కారు మీది అంకె, డ్రైవరు పేరు, స్పాన్సర్ల పేర్లు స్పష్టంగా కనిపించే ఫ్రేమ్ కోసం, అంటే దుమ్ము కాస్త అణిగిన క్షణం కోసం వాళ్లు కాచుకుని ఉంటారు. ఆ ఫొటోలను కొనేది డ్రైవర్ల కుటుంబాలు కాబట్టి అది న్యాయమైన పద్ధతే. నేను ఈ సీజన్‌లో చేయదలచుకున్నది వేరు. దుమ్మునే ప్రధాన వస్తువుగా తీసుకుని, ఒక రేసు రాత్రి మొదటి నుంచి చివరి దాకా ఆ దుమ్ము ఎలా పుట్టి, ఎలా మారి, ఎలా అణిగిపోతుందో చూపించే ఒక చిత్ర శ్రేణిని తయారు చేయాలని నా ఉద్దేశం.

దీపాల కింద లేచే దుమ్ము మీద నాకున్న ఇష్టం అమెరికాలో పుట్టింది కాదు. ప్రకాశం జిల్లాలో తిరునాళ్లప్పుడు రాత్రి దాకా సాగే ఎడ్ల బండలాగుడు పోటీలను చూస్తూ పెరిగినవాడిని. ఒంగోలు ఎడ్లు బండను లాగుతూ ముందుకు కదిలినప్పుడు లైట్ల వెలుగులో లేచే మట్టి తెరను ఎవరైనా సరిగ్గా ఫొటో తీస్తే బాగుండునని అప్పట్లోనే అనిపించేది. ఇక్కడి రేసు కార్లకు హెడ్‌లైట్లు ఉండవు. వెలుగంతా స్తంభాల మీది దీపాల నుంచే రావాలి కాబట్టి, ఆ దీపాలు ఎక్కడున్నాయో, వాటికీ నాకూ మధ్య దుమ్ము ఎక్కడ లేస్తుందో తెలుసుకోవడం నా మొదటి పని.

ఏప్రిల్ చివరి వారం: దీపాల పటం

మా ఇంటికి గంట ప్రయాణంలో ఉన్న ఒక చిన్న ట్రాక్ యాజమాన్యం ఈ సీజన్‌కు లోపలి మైదానంలో నిలబడి ఫొటోలు తీసుకోవడానికి అనుమతి ఇచ్చింది. ప్రమాదం జరిగితే బాధ్యత నాదేనన్న పత్రం మీద సంతకం తీసుకుని, మెరిసే పట్టీలున్న చొక్కా వేసుకోవాలని, అధికారి చూపించిన చోట్ల తప్ప మరెక్కడా నిలబడకూడదని, కార్లు తిరుగుతున్నంత సేపూ ట్రాక్‌కు వీపు చూపకూడదని చెప్పారు. ఈ చివరి నియమం ఎంత ముఖ్యమో మొదటిసారి వెళ్లిన వారికి అర్థం కాకపోవచ్చు. చక్రం ఊడిపోయిన సందర్భాలలో అది ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

రేసులు లేని ఒక సాయంత్రం ట్రాక్ చుట్టూ నడిచి, ప్రతి స్తంభం స్థానాన్ని కాగితం మీద గీసుకున్నాను. తూర్పు వైపు స్తంభాలకు పాత మెటల్ హాలైడ్ దీపాలున్నాయి, ప్రేక్షకుల గ్యాలరీ వైపు మాత్రం ఈ మధ్యనే ఎల్‌ఈడీ దీపాలు పెట్టారు. ఫొటోగ్రాఫరుకు ఈ తేడా చాలా పెద్దది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి పాత రకం దీపాలు సెకనుకు 120 సార్లు మసకబారి మళ్లీ వెలుగుతాయి. మన దగ్గర 50 హెర్ట్జ్ కాబట్టి అదే 100 సార్లు అవుతుంది. కంటికి తెలియని ఈ రెపరెపలు 1/1000, అంటే సెకనులో వెయ్యో వంతు షట్టర్ వేగంలో స్పష్టంగా దొరికిపోతాయి. వరుసగా తీసిన ఫ్రేములలో ఒకటి వెలుతురుగా, మరొకటి చీకటిగా, ఇంకొకటి ఒక పక్క పసుపుగా వస్తుంది. కెమెరాలోని యాంటీ ఫ్లికర్ సదుపాయం దీపం బాగా వెలిగే క్షణం వచ్చే దాకా షట్టర్‌ను ఆపి తెరుస్తుంది కాబట్టి, హాలైడ్ దీపాల వైపు తీసేటప్పుడు దాన్ని ఎప్పుడూ ఆన్ చేసి ఉంచాలని నిర్ణయించుకున్నాను.

పటంలో తేలిన అసలు విషయం మరొకటి. నాలుగో మలుపు లోపలి వైపున నిలబడితే, కారు నాకూ తూర్పు స్తంభాలకూ మధ్య నుంచి వెళుతుంది. అంటే దీపం ఎదురుగా, దుమ్ము మధ్యలో, నేను ఈ పక్కన. ఈ అమరికే ప్రాజెక్టుకు ఆధారం. గాలిలో తేలే మట్టి రేణువులు కాంతి తరంగ దైర్ఘ్యం కంటే పెద్దవి. అలాంటి రేణువులు తమ మీద పడిన వెలుగులో ఎక్కువ భాగాన్ని అది పోతున్న దిశలోనే, ముందుకు చెదరగొడతాయి. గుస్తావ్ మీ అనే జర్మన్ భౌతిక శాస్త్రవేత్త 1908లో దీనికి గణిత రూపం ఇచ్చాడు. కాబట్టి దీపానికి ఎదురుగా చూసే వారికి దుమ్ము మండుతున్నట్టు కనిపిస్తుంది, దీపాన్ని వెనుక పెట్టుకుని చూసే వారికి అదే దుమ్ము చప్పటి బూడిద రంగు తెరగా కనిపిస్తుంది. గ్యాలరీలో కూర్చున్న వాళ్లు, నేను చూస్తున్నది ఒకే మేఘాన్ని అంటే నమ్మశక్యం కాదు.

మే: పరికరాలు

దుమ్ములో లెన్సులు మార్చడం అన్న ప్రశ్నే లేకుండా చేయాలి. అందుకని రెండు కెమెరా బాడీలు: ఒకదానికి 70-200 మిల్లీమీటర్ల ఎఫ్/2.8 జూమ్, మరొకదానికి 35 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుగును లోపలికి రానిస్తుంది). ఇంట్లో బిగించినవి మళ్లీ ఇంట్లోనే విప్పుతాను. కార్డు పెట్టే మూత అంచులకు, బ్యాటరీ తలుపుకు, లెన్స్ కెమెరాతో కలిసే చోట గోడలకు రంగులు వేసేవాళ్లు వాడే కాగితపు టేప్ చుట్టాను. అది జిగురు మరక వదలకుండా ఊడి వస్తుంది. జూమ్ తిప్పినప్పుడు పొడవు మారని లెన్స్‌నే ఎంచుకోవడం కూడా ఇందుకే, ఎందుకంటే బయటికి సాగే లెన్స్ ప్రతి కదలికకూ గాలిని, దాంతో పాటు మట్టిని లోపలికి పీల్చుకుంటుంది.

ముందు అద్దానికి రక్షణ ఫిల్టర్ పెట్టాలా వద్దా అన్నది చాలా రోజులు ఆలోచించాను. దీపాలకు ఎదురుగా తీసేటప్పుడు ఫిల్టర్ వల్ల ఫ్రేమ్‌లో దీపానికి పచ్చటి ప్రతిబింబాలు పడతాయి. అయినా ఫిల్టర్ పెట్టడానికే మొగ్గాను. మట్టిలో ఉండే క్వార్ట్జ్ కాఠిన్యం మోహ్స్ కొలమానంలో 7, మామూలు గాజు దాని కంటే మెత్తన. బట్టతో ఒక్కసారి తుడిచినా గీత పడే ప్రమాదం ఉంది. అందుచేత ట్రాక్ దగ్గర తుడవడం అన్నదే పెట్టుకోకుండా, రబ్బరు బల్బు బ్లోయర్‌తో ఊది, తడి శుభ్రత ఇంటికి వచ్చాకే చేస్తున్నాను. లెన్స్ హుడ్ మాత్రం ఎప్పుడూ ఉండాలి. మట్టి పెళ్లలను ఆపేది అదే.

ఒహాయో వేసవి రాత్రులు ఒంగోలు ఆగస్టు లాగే ఉక్కగా ఉంటాయి. ఏసీ కారులోంచి బయటికి తీసిన కెమెరా అద్దం మీద వెంటనే ఆవిరి పడుతుంది, ఆ తడి మీద దుమ్ము పడితే అది పూతగా అంటుకుంటుంది. కాబట్టి కెమెరా సంచి డిక్కీలోనే ప్రయాణిస్తుంది, ట్రాక్‌కు చేరాక అరగంట మూసే ఉంచుతాను. నాకు కావలసినవి కూడా ఈ జాబితాలోనే రాసుకోవాలి: ఎన్95 మాస్కు, చెవులకు మఫ్‌లు, పక్కలు మూసి ఉండే కళ్లజోడు.

మే చివర: ఫ్లాష్ పరీక్ష

మట్టి ట్రాక్ ఫొటోగ్రాఫర్లలో ఎక్కువ మంది ఫ్లాష్ వాడతారు, ఇక్కడి ట్రాక్ కూడా దానికి అనుమతిస్తుంది. నా శ్రేణికి అది పనికి వస్తుందో లేదో తేల్చుకోవడానికి మా బావమరిదిని వెంట తీసుకెళ్లాను. ట్రాక్ లోపలి కాంక్రీటు గోడ వెనుక నుంచి, ప్రాక్టీసు ల్యాప్‌ల సమయంలో, మొదట కెమెరా మీద, తరువాత విడిగా పెట్టి పరీక్షించాం.

"బావా, కారు కన్నా ముందు మన ఎదుటి దుమ్మే తెల్లగా పడుతోంది చూడు," అన్నాడతను స్క్రీన్ చూస్తూ.

"లైటు లెన్స్ పక్క నుంచే పోతోంది కదా, అందుకు. నువ్వు గోడ చివరి దాకా వెళ్లి చేయి పైకెత్తి పట్టుకో," అన్నాను.

ఇందులో లెక్క సులువు. దూరం పెరిగే కొద్దీ వెలుగు దూరపు వర్గం ప్రకారం తగ్గుతుంది. కారు 10 మీటర్ల దూరంలో ఉండి, దుమ్ము 1 మీటరు దూరంలో తేలుతుంటే, ఆ దుమ్ము మీద కారు మీద కంటే 100 రెట్లు ఎక్కువ వెలుగు పడుతుంది. ఫ్లాష్‌ను లెన్స్ నుంచి నాలుగైదు మీటర్లు పక్కకు జరిపాక లెన్స్ ముందున్న దుమ్ము చీకట్లోకి పోయింది, కారు పక్కన లేచిన దుమ్ముకు ఆకారం వచ్చింది. ఇది చాలా మంచి ఫలితం. అయితే నాకు కావలసిన ఎదురు వెలుగు రావాలంటే ఫ్లాష్‌ను కారుకు అవతల, నా వైపు తిరిగేలా పెట్టాలి. ఆ చోటు నుంచి వెలిగే ఫ్లాష్ మలుపులోకి వస్తున్న డ్రైవరు కళ్లలో నేరుగా పడుతుంది. అలాంటిది ఎవరు అనుమతించినా నేను చేయను. కాబట్టి ట్రాక్ మీది చిత్రాలన్నీ స్తంభాల వెలుగుతోనే తీయాలని, ఫ్లాష్‌ను కార్లు నిలిపే పిట్ ప్రాంతానికే పరిమితం చేయాలని తేల్చుకున్నాను. ఈ నిర్ణయం వల్ల శ్రేణి అంతటికీ ఒకే రకమైన వెలుగు కూడా వస్తుంది.

జూన్: మట్టి

ట్రాక్‌కు నీళ్లు పట్టే ట్యాంకర్ డ్రైవరుతో ఒక సాయంత్రమంతా గడిపాను. వయసులో పెద్దాయన, ఆ మట్టిని దశాబ్దాలుగా చూస్తున్న మనిషి. దుమ్ము గురించి ఏ పుస్తకంలోనూ దొరకనంత స్పష్టంగా ఆయన చెప్పాడు, అందుకే ఈ భాగాన్ని వివరంగా రాసుకుంటున్నాను.

మధ్యాహ్నం నుంచే నీళ్లు పడతారు. అవి పైపైన నిలవకుండా లోపలికి ఇంకాలి, అందుకోసం మధ్యమధ్య మట్టిని చీల్చి మళ్లీ తడుపుతారు. సాయంత్రం రేసు కార్లే నెమ్మదిగా తిరుగుతూ తమ టైర్లతో ఆ తడి మట్టిని అణగదొక్కి గట్టి పరుస్తాయి. కొన్ని ట్రాక్‌లలో కాల్షియం క్లోరైడ్ కూడా కలుపుతారు. అది గాలిలోని తేమను పీల్చి మట్టిలో పట్టి ఉంచుతుంది కాబట్టి దుమ్ము లేవడం తగ్గుతుంది. మొదటి రేసుల్లో మట్టి ఇంకా బరువుగా, అంటుకునేలా ఉంటుంది. అప్పుడు లేచేది దుమ్ము కాదు, పెళ్లలు. రేసులు సాగుతున్న కొద్దీ టైర్లు ఒకే దారిలో రుద్దడం వల్ల అక్కడ తేమ పోయి, నల్లగా నిగనిగలాడే జారుడు దారి ఏర్పడుతుంది. వదులైన మట్టి అంతా బయటి అంచుకు కొట్టుకుపోయి గట్టులా పేరుకుంటుంది. దాన్ని కుషన్ అంటారు. ధైర్యమున్న డ్రైవర్లు కుడి వెనుక చక్రాన్ని ఆ గట్టుకు ఆనించి మలుపు తిరుగుతారు. చివరి పెద్ద రేసు, అంటే ఫీచర్ సమయానికి ఎత్తుగా లేచే దుమ్మంతా ఆ గట్టు నుంచే వస్తుంది.

దీన్ని బట్టి నా చిత్రాలకు ఒక క్రమం తనంతట తానే ఏర్పడింది. మొదట తడి, తరువాత పెళ్లలు, తరువాత పలచటి పొగ లాంటి దుమ్ము, చివరికి కుషన్ మీద నుంచి లేచే గోడ. సూర్యాస్తమయం తరువాత మట్టిలోకి తేమ తిరిగి వస్తుందని ఆయన చెప్పిన మాట కూడా రాత్రి తీసిన ఫ్రేములలో కనిపించింది: ఎండ ఉన్నప్పుడు గాలిలో చాలా సేపు తేలిన దుమ్ము, చీకటి పడి చల్లబడ్డాక త్వరగా కిందికి దిగుతోంది. అందుచేత పొడి గాలి వీచిన రోజునే మంచి దుమ్ము దొరుకుతుంది. వెళ్లాలా వద్దా అన్నది ఇప్పుడు నేను రేసుల పట్టిక చూసి కాక, వాతావరణ సూచనలో తేమ శాతం, గాలి దిశ చూసి నిర్ణయిస్తున్నాను. వేసవిలో ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. అది నాలుగో మలుపు దుమ్మును నేరుగా తూర్పు దీపాల ముందుకు తీసుకెళుతుంది.

జూలై: ఎల్డోరా

ఒహాయోలో మట్టి రేసుల గురించి రాస్తూ ఎల్డోరా స్పీడ్‌వే పేరు ఎత్తకుండా ఉండలేం. డార్క్ కౌంటీలో పొలాల మధ్య 1954లో ఎర్ల్ బాల్ట్స్ దీన్ని కట్టాడు, 2004లో రేసు డ్రైవరు టోనీ స్టువర్ట్ కొన్నాడు. అర మైలు బంకమట్టి ట్రాక్, మలుపుల్లో బాగా ఎత్తయిన వాలు. 1971లో మొదలైన వరల్డ్ 100 లేట్ మోడల్ కార్లకు (మామూలు కారులా పైకప్పు, బాడీ ఉండే రేసు కార్లు), 1984లో మొదలైన కింగ్స్ రాయల్ స్ప్రింట్ కార్లకు ఎంత గౌరవప్రదమైన రేసులో ఇక్కడి ఏ పిట్‌లో అడిగినా చెబుతారు. కింగ్స్ రాయల్ గెలిచిన డ్రైవరుకు కిరీటం పెట్టి, రాజవస్త్రం కప్పి కూర్చోబెడతారు.

ఈ రేసుకు టికెట్ కొనుక్కుని గ్యాలరీ నుంచి తీశాను. స్ప్రింట్ కారు గురించి తెలియని వారి కోసం: డ్రైవరుతో కలిపి బరువు సుమారు 1,400 పౌండ్లు, 410 ఘనపు అంగుళాల వీ8 ఇంజిన్ ఇచ్చే శక్తి 900 హార్స్‌పవర్ దరిదాపుల్లో ఉంటుంది. స్టార్టర్ మోటారు ఉండదు, వెనుక నుంచి ట్రక్కు నెట్టి ఇంజిన్‌ను లేపుతుంది. పైన 25 చదరపు అడుగుల అల్యూమినియం రెక్క. ఈ రెక్క నాకు ఎంతగా ఉపయోగపడిందంటే, ఎదురుగా ఉన్న దీపం సరిగ్గా రెక్క వెనుకకు వచ్చిన క్షణంలో మీట నొక్కితే, లెన్స్‌లో పడే వెలుగు మరకలు పోయి, రెక్క అంచు చుట్టూ ఉన్న దుమ్ము మాత్రమే వెలుగుతుంది. చిన్న ట్రాక్‌లోని రెక్కలేని కార్లతో ఈ పని చేయడం కుదరదు.

గ్యాలరీ పై వరుసల నుంచి చూస్తే దుమ్ము కనబడడం తగ్గిపోతుందని అక్కడ గమనించాను. పై నుంచి చూసినప్పుడు దుమ్ము వెనుక కనిపించేది దీపాలు పడి వెలుగుతున్న ట్రాక్ మట్టి. ఒకే రంగు మీద ఒకే రంగు. కింది వరుసకు దిగి, మలుపు బయటికి తెరుచుకునే చోట కూర్చుంటే వెనుక చీకటి ఆకాశం వస్తుంది, అప్పుడు అదే దుమ్ము ప్రతి పొరతో సహా కనిపిస్తుంది. కింది వరుసల్లో కూర్చున్న వారి మీద మట్టి పెళ్లలు పడతాయి. అందుకే అక్కడ ఖాళీ సీట్లు దొరికాయి. ఆ ప్రాంతంలో జూలైలో పొద్దు గుంకేది రాత్రి 9 దాటాక. అప్పటి నుంచి ఆకాశం పూర్తిగా నల్లబడే లోపు ఉండే ముదురు నీలం నేపథ్యంలో తీసిన ఫ్రేములు ఈ సీజన్ మొత్తంలో నాకు బాగా నచ్చినవి. దీపాల కింద పచ్చగా వెలిగే దుమ్ము, దాని వెనుక నీలం, మధ్యలో నల్లటి కారు ఆకారం.

ఆగస్టు: ఫోకస్, షట్టర్

మళ్లీ చిన్న ట్రాక్. గంటకు 130 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు సెకనుకు 36 మీటర్లు కదులుతుంది. 1/500లో అది 7 సెంటీమీటర్లు, 1/60లో 60 సెంటీమీటర్లు. కెమెరాను కారుతో పాటు తిప్పుతూ తీసినప్పుడు కారు నిలిచినట్టు వస్తుంది కాబట్టి ఈ లెక్కను నేను కారుకు కాక దుమ్ముకు వర్తింపజేసుకుంటున్నాను. చక్రం విసిరిన పెళ్ల వేగంగా వెనక్కి పోతుంది, గాలిలో తేలుతున్న దుమ్ము దాదాపు నిలిచి ఉంటుంది. 1/60తో కారును అనుసరిస్తే తేలే దుమ్ము అడ్డగీతలుగా సాగి, దుమ్ములా కాక పొగమంచులా కనిపిస్తోంది. 1/320 దగ్గర మేఘం అంచులు నిలుస్తున్నాయి, పెళ్లలు మాత్రం చిన్న తోకలతో సాగుతున్నాయి. నాలుగో మలుపుకు ఇప్పుడు స్థిరపడిన అమరిక ఇది: 1/320, ఎఫ్/2.8, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) 4000, అన్నీ మాన్యువల్‌లోనే. ఆటోమేటిక్ కొలతకు వదిలితే ఫ్రేమ్‌లోకి దీపం వచ్చిన ప్రతిసారీ కెమెరా భయపడి చీకటి చేసేస్తుంది.

ఫోకస్ మీద ఎక్కువ సమయం పట్టింది. ముందు వెళ్లిన కారు వదిలిన దుమ్ము అడ్డం వచ్చినప్పుడు ఆటోఫోకస్ దాన్ని పట్టుకోవడానికి వెళుతుంది. అడ్డం వచ్చిన దానికి వెంటనే స్పందించకుండా పట్టుకున్న వస్తువునే కొంతసేపు అనుసరించేలా ట్రాకింగ్ సున్నితత్వాన్ని తగ్గించాను, లెన్స్ మీది మీటతో దగ్గరి దూరాలను మూసేశాను, ఫోకస్‌ను షట్టర్ మీట నుంచి తప్పించి వెనుక బొటనవేలి మీటకు మార్చాను. కారు మలుపులోకి వచ్చే ముందు, ఇంకా దుమ్ము బయట ఉండగానే, పక్క పలక మీది పెద్ద అంకె మీద పట్టుకుని వేలు ఎత్తకుండా వెంట తెస్తే దుమ్ములోకి వెళ్లాక కూడా చాలా వరకు పట్టు తప్పడం లేదు. అంకె నిలువు గీతలున్న 1 అయినా, 4 అయినా త్వరగా దొరుకుతుంది. గుండ్రటి 8, 0 అంత సులువు కాదు.

సెప్టెంబరు: మైదానంలో దొరికినవి

డ్రైవర్ల హెల్మెట్ అద్దం మీద పారదర్శకమైన పలచటి ప్లాస్టిక్ పొరలు ఒకదాని మీద ఒకటి అంటించి ఉంటాయి. మట్టి పట్టి చూపు మసకబారినప్పుడల్లా ఒకటి పీకి పారేస్తారు. ఫీచర్ అయ్యాక లోపలి గడ్డిలో అలాంటి పొర ఒకటి దొరికింది. దాన్ని దీపానికి ఎదురుగా పట్టుకుని చూశాను. కింది అంచున మట్టి మందంగా, ఎండిన పొలుసులుగా ఉంది. పైకి పోయిన కొద్దీ పలచబడి చుక్కలుగా మారింది. ఒక మూల, డ్రైవరు వేలు పట్టుకుని లాగిన చోట, మట్టి తుడుచుకుపోయి ఆ చేతొడుగు నేత గీతలు అచ్చు పడ్డాయి. గంటకు వంద కిలోమీటర్లకు పైగా వేగంలో, ఒక్క చేత్తో స్టీరింగ్ పట్టుకుని ఒక మనిషి ఏ చూపుతో బండి నడిపాడో ఆ పొర చూపిస్తోంది. అక్కడికక్కడే 35 మిల్లీమీటర్ల లెన్స్‌తో, దీపం పొర వెనుక ఉండేలా పట్టుకుని దగ్గరగా తీశాను. శ్రేణిలో ఇలాంటివి మరికొన్ని ఉండాలని ట్రాక్ శుభ్రం చేసే వారిని అడిగి, వాళ్లు ఏరిన పొరల్లోంచి మట్టి చెదరనివి కవర్లలో తెచ్చుకున్నాను. కారును దుమ్ములోంచి నేను చూసిన చూపు, దుమ్ములోంచి డ్రైవరు చూసిన చూపు పక్కపక్కన ఉండాలి.

అక్టోబరు: ఎంపిక, ప్రింట్లు

సీజన్ ముగిసింది. రా ఫైళ్లను, అంటే కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచిన ఫైళ్లను తెరిచి చూస్తే, పొగమంచును తొలగించే డీహేజ్ మీట నా పనికి పూర్తిగా ఎదురు తిరుగుతుందని మొదటి ఫ్రేమ్‌లోనే తెలిసింది. దాన్ని ముట్టుకోవడం లేదు. దానికంటే సూక్ష్మమైన ఇబ్బంది నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్‌తో వచ్చింది. ఎక్కువ ఐఎస్ఓలో వచ్చే గరుకును తుడిచే పనిలో అది గాలిలోని సన్నటి రేణువులను కూడా గరుకేనని భావించి నున్నగా చేసేస్తోంది. మేఘం అలాగే ఉంటుంది గానీ అది మట్టితో చేసినదన్న సంగతి పోతుంది. కెమెరాలోనే కాస్త ఎక్కువ వెలుగు ఇచ్చి తీసిన ఫ్రేములకు ఆ సాఫ్ట్‌వేర్ అవసరమే రాలేదు, కాబట్టి ఎంపికలో వాటికే మొదటి స్థానం ఇస్తున్నాను. సెన్సర్ మీద పడిన దుమ్ము మచ్చలను మాత్రం తీసివేస్తాను. అవి ప్రతి ఫ్రేమ్‌లోనూ ఒకే చోట ఉంటాయి, గాలిలోని దుమ్ము ఎప్పుడూ అలా ఉండదు, పైగా ఎఫ్/2.8 దగ్గర సెన్సర్ మచ్చలు దాదాపు కనిపించవు కాబట్టి ఈ పని తక్కువే.

రంగు విషయంలో హాలైడ్ దీపాల ఆకుపచ్చ ఛాయను పూర్తిగా తీసేయకుండా సగం ఉంచాను. పూర్తిగా సరిచేస్తే మట్టి ఎండలో తీసినట్టు గోధుమ రంగులోకి వస్తోంది. ఆ రాత్రి అక్కడున్న ఎవరికీ అది ఆ రంగులో కనిపించలేదు. మెరుపు కాగితం మీద వేసిన మొదటి ప్రింట్లలో నలుపు బాగా వచ్చింది గానీ, కాగితం మీది మెరుపు దుమ్ము మెరుపుతో కలిసిపోయి చూసేవారు ఎక్కడ నిలబడినా ఒక మూల కనిపించకుండా పోతోంది. మ్యాట్ కాగితంలో నలుపు లోతు కొంత తగ్గినా దుమ్ము పొరలు విడివిడిగా నిలుస్తున్నాయి. పెద్ద ప్రింట్లన్నీ మ్యాట్‌లోనే వేయిస్తున్నాను.

క్రమంలో ఒక ఖాళీ మిగిలింది. తడి ట్రాక్‌ను కార్లు నెమ్మదిగా తిరుగుతూ అణగదొక్కే ఘట్టం నా దగ్గర రెండో మలుపు వైపు నుంచి లేదు. సాయంత్రపు ఎండ అప్పుడు పడమర నుంచి ఏటవాలుగా ఆ మలుపు మీదే పడుతుంది, తడి మట్టి మీద టైరు అచ్చులు అక్కడే బాగా కనిపిస్తాయి, కానీ ఈ సంవత్సరం అనుమతి ఉన్న చోట్లలో అది లేదు. ట్రాక్ మేనేజరుకు ఇప్పటిదాకా వేసిన ప్రింట్లు కొన్ని చూపించి, కార్లు నెమ్మదిగా తిరిగే ఆ కొద్ది సేపటికి మాత్రమే, ట్యాంకర్ డ్రైవరు పక్కన బండిలో కూర్చుని తీసుకోవడానికి అనుమతి అడిగాను. పెద్దాయన ఒప్పుకున్నాడు. మేనేజరు ఏప్రిల్‌లో, బీమా పత్రాలు కొత్తవి వచ్చాక చెబుతానన్నారు. ఆ చిత్రం వచ్చే దాకా శ్రేణిలో మొదటి స్థానాన్ని ఖాళీగానే ఉంచుతున్నాను.